చిన్న చేపకు చిన్న బుడ్డి చాలదు

మా ఇచ్ఛాపురంలో రంగుచేపలు అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ ఒక్క మాట మీద ఉండే విషయం ఒకటుంది. చిన్న చేపకి చిన్న బుడ్డి చాలు. అంగుళమున్నర పొడవు నియాన్ టెట్రాలు రెండు, గుండ్రటి గాజు బుడ్డి, గుప్పెడు రంగురాళ్ళు, ఒక మేత డబ్బా. పిల్లాడి పుట్టినరోజు కానుక సిద్ధం. వారం తిరక్కుండా రెండూ వెల్లకిలా తేలతాయి. "టెట్రాలంతే బావు, ఆటికి ఆయుస్సుండదు" అంటాడు అమ్మినవాడు. "మన నీళ్ళు ఆటికి పడవు" అంటుంది ఇల్లాలు. "పోన్లే, ఇంటికొచ్చిన కీడేదో అది పట్టుకుపోయింది" అని సర్దిచెబుతుంది ముసలమ్మ. ఈ మూడు మాటలూ ఏళ్ళ తరబడి వింటున్నాను. మూడూ తప్పే. పోనీలే అని ఊరుకునే ఓపిక ఇక నాకు లేదు. ఈ మాటల చాటున చేపలు చస్తూనే ఉన్నాయి, చంపినవాడికి తాను చంపానన్న సంగతైనా తెలియడం లేదు.

ముందు ఆయుస్సు సంగతి తేల్చుకుందాం. నియాన్ టెట్రా పుట్టిల్లు అమెజాన్ ఎగువ పాయలు. పెరూ, కొలంబియా, బ్రెజిల్ అడవుల్లో, రాలిన ఆకులు నాని నాని డికాషన్ రంగుకు తిరిగిన వాగుల్లో గుంపులు గుంపులుగా తిరిగే చేప అది. 1936లో జార్జ్ మయర్స్ అనే అమెరికా శాస్త్రవేత్త దానికి శాస్త్రీయ నామం పెట్టాడు. నీళ్ళు కుదిరితే తొట్టెలో అయిదేళ్ళు హాయిగా బతుకుతుంది. మా ఇంట్లో ఒకటి ఆరేళ్ళు దాటింది. అయిదేళ్ళ ప్రాణిని అయిదు రోజుల్లో పోగొట్టుకుని తప్పు దాని ఆయుస్సు మీదికి తోస్తే ఎలా? నేను బడిపంతులుగా పనిచేసినవాణ్ణి. పస్తుతో వచ్చిన పిల్లాడు సొమ్మసిల్లి పడితే వాడికి చదువు అబ్బదని రాసేసినట్టుంటుంది నాకీ మాట వింటే.

ఇక బుడ్డి. అంగట్లో దొరికే బుడ్డిలో 3 లీటర్ల నీళ్ళు పడతాయి, అంతే. చేప ఊపిరి తీస్తున్నంతసేపూ మొప్పల గుండా అమ్మోనియాను నీళ్ళలోకి వదులుతూనే ఉంటుంది. అడుక్కు చేరిన మేత కుళ్ళినా పుట్టేది అదే. వాగులో అయితే కొట్టుకుపోతుంది. 3 లీటర్లలో ఎక్కడికి పోతుంది? పైగా మా ఊరి వేసవి. 20 డిగ్రీల నీళ్ళలో లీటరుకు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. 30 డిగ్రీలకు అది ఏడున్నరకు దిగిపోతుంది. మే నెల మధ్యాహ్నం రేకుల ఇంట్లో, టీవీ పక్కన పెట్టిన బుడ్డిలో వేలు ముంచి చూడండి, స్నానానికి తోడిన నీళ్ళలా తగులుతాయి. నియాన్ టెట్రాకి 26 డిగ్రీలు దాటితేనే ఇబ్బంది. బుడ్డి మూతి చూస్తే సన్నం, గాలి నీటిని తాకే చోటే లేదు. చేప నీటి పైకొచ్చి నోరు తెరిచి మూస్తుంటే "మేత అడుగుతోంది" అనుకుని ఇంకో చిటికెడు వేస్తారు. అది అడుగుతున్నది గాలి.

చెరువులో గుప్పెడు ఉప్పు పడితే తెలియదు, గ్లాసులో చిటికెడు పడితే తాగలేం. నీళ్ళు తక్కువయ్యేకొద్దీ ప్రతి చిన్న పొరపాటూ పెద్దదవుతుంది. పొరపాట్లు ఎక్కువ చేసేది కొత్తగా పెంచేవాడే కాబట్టి, వాడికే పెద్ద తొట్టె కావాలి. ఈ ఒక్క మాట అంగడివాడు చెబితే సగం చావులు ఆగుతాయి. వాడేమో "ముందు బుడ్డిలో అలవాటు చేసుకోండి, తరవాత పెద్దది చూద్దాం" అంటాడు. 2 అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టెలో 56 లీటర్లు పడతాయి. అంతకు తగ్గితే టెట్రా జోలికి పోవద్దు. ఇటలీలోని రోమ్ నగరం 2005లోనే గుండ్రటి చేపల బుడ్డీలను నిషేధించింది. అక్కడి వాళ్ళేమీ పని లేక చేసింది కాదది.

శుభ్రం పేరుతో జరిగేది ఇంకా ఘోరం. ఆదివారం పొద్దున్నే చేపల్ని మగ్గులోకి తీస్తారు. నీళ్ళన్నీ పారబోస్తారు. బుడ్డినీ రాళ్ళనీ సబ్బుపొడితో తళతళలాడేట్టు తోమి, కొళాయి నీళ్ళు నింపి, చేపల్ని మళ్ళీ అందులో ఒంపేస్తారు. ఎంత శ్రద్ధో అని ఇరుగుపొరుగు మెచ్చుకుంటారు కూడా. నేను ఆ ఇల్లాళ్ళను ఒకటే అడుగుతాను: అమ్మా, తోడు లేకుండా పాలు పెరుగవుతాయా? తొట్టె నీళ్ళకూ తోడుంది. రాళ్ళ మీదా ఫిల్టరు స్పాంజిలోనూ కంటికి కనిపించని సూక్ష్మజీవులు చేరతాయి. అందులో ఒక రకం అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే. ఇంకో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ మొక్కకు ఎరువు, కొద్దిగా ఉంటే చేపకు హాని చెయ్యదు. కొత్త తొట్టెలో ఈ తోడు కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నడుస్తున్న పాత తొట్టెలోంచి స్పాంజి ముక్క తెచ్చి వేస్తే చాలా ముందే అందుకుంటుంది, పక్కింటి నుంచి గరిటెడు పెరుగు అడిగి తెచ్చుకున్నట్టే. ఆదివారం సబ్బుతో తోమి మోరీలో పోసింది ఈ తోడునే. సోమవారం నుంచి చేప మళ్ళీ తన విషంలో తానే ఈదాలి.

వారానికి ఒకసారి 56 లీటర్లలో పన్నెండు, పదిహేను లీటర్లు తీసి కొత్తవి పొయ్యడం, స్పాంజిని ఆ తీసిన నీళ్ళలోనే రెండుసార్లు పిండి మళ్ళీ పెట్టడం, పని అంతే. తీసిన నీళ్ళు మా పెరట్లో కొబ్బరి మొక్క మొదట్లో పోస్తాను. కొళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది. తాగునీళ్ళలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగలాలన్నది ప్రమాణం. మనల్ని రోగాల నుంచి కాపాడే ఆ కొంచెమే చేప మొప్పల్ని కాలుస్తుంది, స్పాంజిలో తోడును చంపుతుంది. బకెట్లో మూత లేకుండా ఒక రోజు ఉంచితే చాలు, ఎగిరిపోతుంది. తొందరుంటే చిన్న పలుకు హైపో వేస్తే నిమిషాల్లో విరుగుతుంది. పాత ఫొటో స్టూడియోల వాళ్ళకు అది బాగా తెలిసిన సరుకే.

"మన నీళ్ళు పడవు" అనే మాటకు ఇప్పుడు జవాబు చెబుతాను. ఇవాళ బజారుకొచ్చే నియాన్ టెట్రాలు చాలావరకు అమెజాన్ మొహం చూడనివి. పెంపకం తొట్టెల్లో పుట్టి పెరిగినవే. ఎక్కడో తొట్టెలో పుట్టి, చెన్నై కొళత్తూరు లాంటి రంగుచేపల బజార్లు దాటి, చేతులు మారి మారి సంచీల్లో మన దాకా వస్తాయి. ఆ నీళ్ళకూ మన నీళ్ళకూ తేడా ఉంటుంది, నిజమే. కానీ చేపను చంపేది తేడా కాదు, తేడా ఒక్కసారిగా మీద పడడం. సంచీని తొట్టె నీళ్ళలో పావుగంట తేలనిచ్చి, పది నిమిషాలకో చిన్న కప్పు చొప్పున మన నీళ్ళు సంచీలో కలుపుతూ గంటసేపు ఓపిక పడితే అవి సర్దుకుంటాయి. అసలు మన నీళ్ళు ఎలాంటివో పరీక్షించిందెవరు? బోరు బోరుకీ నీళ్ళు వేరు. పీహెచ్ 7 ఉన్న నీళ్ళలో ఉన్నంత అమ్మోనియాయే పీహెచ్ 8 నీళ్ళలో దాదాపు పదింతల విషమవుతుంది. అది కంటితో చూస్తే తెలిసేది కాదు.

"నీళ్ళు తేటగానే ఉన్నాయి కదా మాస్టారూ" అంటారు. ఎవరన్నా ఆ మాట అనొచ్చు కానీ ఉద్దానం మనిషి అనకూడదు. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, మా ఇచ్ఛాపురం. ఈ ఊళ్ళలో మూత్రపిండాల జబ్బు లేని వీధి చూపించమనండి. ఆ జబ్బుకు ఇదీ కారణమని ఇప్పటికీ ఎవరూ తేల్చి చెప్పలేదు, కానీ నీళ్ళ మీద అనుమానం మనల్ని వదల్లేదు. హిరమండలం నుంచి వంశధార నీళ్ళను గొట్టాల్లో ఇక్కడిదాకా తెచ్చుకున్నాం. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి తెరిచిన రోజే ఆ పథకమూ మొదలైంది. తేటగా ఉన్న నీళ్ళు మంచివి కానక్కర్లేదని లోకంలో అందరికంటే ఖరీదు చెల్లించి నేర్చుకున్న జనం మనం. చెంబులో నీళ్ళను అనుమానంగా చూసే కన్ను తొట్టె దగ్గరికొచ్చేసరికి ఎందుకు మూసుకుంటుంది?

జోడీ లెక్క ఇంకో పెద్ద అబద్ధం. చిలకల జోడీ, పావురాల జోడీ అలవాటైన మనసుకి రెండుంటే కాపురం కుదిరినట్టే అనిపిస్తుంది. టెట్రా కాపురం గుంపుతో. మా తొట్టె ముందు అరగంట కూర్చోండి, ఎవరూ చెప్పక్కర్లేదు. పధ్నాలుగు చేపలు మొక్కల మధ్య విడివిడిగా తిరుగుతుంటాయి, ఒకటి ఆకును కొరికి చూస్తుంది, ఒకటి ఇసుక వాసన చూస్తుంది. వీధిలో లారీ హారన్ కొట్టగానే పధ్నాలుగూ ఒక్క చేపై ఒకే దిక్కుకు తిరుగుతాయి. పధ్నాలుగు నీలం గీతలు ఒక్కసారి మెరుస్తాయి. చేప ఒంటికి పక్కన బారుగా పార్శ్వరేఖ ఉంటుంది, పక్క చేప తోక కదిలిస్తే నీళ్ళలో పుట్టే అల దానికి తగులుతుంది. కన్నూ ఆ రేఖా రెండూ కలిసి పనిచేస్తాయి. అడవి వాగులో పెద్ద చేప మీదికొస్తే ఏ ఒక్కదాన్నీ గురిపెట్టనివ్వని కవచం ఆ గుంపే. గుంపులేని టెట్రాకు ప్రతి నీడా శత్రువే. రాయి వెనక నక్కుతుంది, రంగు వెలిసిపోతుంది, మేత ముట్టదు. రెండే ఉంటే బలమున్నది రెండోదాన్ని తరుముతుంది, పారిపోవడానికి దానికి చోటుండదు. సెర్పే టెట్రాలైతే ఒకదాని రెక్కలు ఒకటి చీలికలు పేలికలు చేస్తాయి. కనీసం ఆరు అంటారు పెంపకం తెలిసినవాళ్ళు. నేను పది అంటాను. ఆరింటిలో రెండు పోతే మిగిలేది గుంపు కాదు.

రంగు గురించి ఒక్క మాట, చాలామంది భయపడతారు కాబట్టి. రాత్రి రెండు గంటలకు లేచి టార్చి వేసి చూస్తే టెట్రాల ఎరుపు మాసిపోయి, నీలం ఊదా రంగుకు తిరిగి ఉంటుంది. జబ్బు కాదు, నిద్ర. ఆ నీలం పూసిన రంగు కాదు, చర్మంలో సన్నటి పలకల మీద వెలుగు పడి వచ్చే మెరుపు. పొద్దున్న పది నిమిషాల్లో మళ్ళీ వెలుగుతాయి. పట్టపగలు కూడా అలా వెలిసిపోయి ఉంటే మాత్రం నీళ్ళు చూడాలి.

కీడు మాటకొస్తాను. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే. ఎనిమిది ఎర్ర చేపలు, ఒక నల్ల చేప ఈశాన్యంలో పెడితే ఐశ్వర్యమంటారు. ఒకటి చస్తే ఇంటి దిష్టి పోయిందంటారు, వెంటనే దాని స్థానంలో ఇంకోటి తెచ్చి వేస్తారు. చేప చావునే శుభం చేసుకున్నాక ఎందుకు చచ్చిందని ఎవరడుగుతారు? అడగనివాడు ఎప్పటికి నేర్చుకుంటాడు? నమ్మకాలను నేను తీసిపారెయ్యడం లేదు. మా మండలంలోనే తేలుకుంచి ఉంది. ఏటా వానాకాలం మొదట్లో నత్తగుల్ల కొంగలు అక్కడి చెట్లమీదికి వందలుగా వస్తాయి, గూళ్ళు కట్టి పిల్లల్ని లేపి వెళ్తాయి. ఊరివాళ్ళు సైబీరియా పక్షులంటారు, అవి మన ఉపఖండం పక్షులే. అవి వస్తే వానలు బాగుంటాయని, పంట పండుతుందని వాళ్ళ నమ్మకం. ఆ నమ్మకంతోనే వాకిట్లో చెట్టుమీద రెట్టల కంపు భరిస్తారు, ఒక్క పక్షి మీద రాయి పడనివ్వరు. తేలుకుంచి వాళ్ళకు శుభం పక్షి రావడంలో, బతకడంలో ఉంది. మనింట్లో శుభం చేప చావడంలో ఉంది. రెండూ నమ్మకాలే అని ఒకే గాట కట్టడానికి నేను ఒప్పుకోను.

ఇంతవరకు చెప్పినవి తేలిక. గట్టి వాదన ఒకటుంది, దాన్ని దాటెయ్యను. "మనుషులకే మంచినీళ్ళు లేని చోట, డయాలసిస్‌కు జనం బస్సులెక్కి పోయే చోట, చేపకి 56 లీటర్లు, స్పాంజి, పీహెచ్ అంటావేటి?" అని ఒక పెద్దాయన నన్ను నిలదీశాడు. ఆయన ఇంట్లో ఆ జబ్బుంది. ఆయన ముందు నాకు మాట పెగల్లేదు ఆ రోజు. తరవాత చాలా ఆలోచించాను. టెట్రాను పెంచి తీరాలని ఎవరికీ నిర్బంధం లేదు. అది తనంతట తాను మనింటికి రాలేదు. డబ్బిచ్చి, సంచీలో కట్టి తెచ్చుకున్నాం. తెచ్చాక దానికి నీళ్ళు మనం పెట్టినవే, గాలి మనం ఇచ్చిందే, తలుపు మన చేతిలోనే. చేపకు నొప్పి తెలియదనే సాకు కూడా చెల్లదు. 2003లో బ్రిటన్‌లో లిన్ స్నెడన్ బృందం ట్రౌట్ చేప తలలో నొప్పిని పసిగట్టే నాడులు ఉన్నాయని చూపించింది. స్తోమత లేకపోతే తేకపోవడం తప్పు కాదు. తెచ్చి, బుడ్డిలో వేసి, పేదరికాన్ని అడ్డం పెట్టుకోవడం తప్పు. బుడ్డీలు కొంటున్నది పేదవాళ్ళు కాదని కూడా అందరికీ తెలుసు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చింది. తెల్లారేసరికి ఉద్దానం కొబ్బరి తోటలు నేలమీద పరుచుకుని ఉన్నాయి. కరెంటు పోయింది, రోజుల తరబడి రాలేదు. ఫిల్టరు ఆగితే అందులోని తోడు ఊపిరాడక చస్తుంది, అందుకని స్పాంజి విప్పి తొట్టెలోనే నీళ్ళలో వేలాడదీశాను. మేత పూర్తిగా మానేశాను. చెంబుతో నీళ్ళు తీసి జానెడు ఎత్తు నుంచి సన్నధారగా పోస్తూ కూర్చున్నాను, అలా పోస్తే గాలి కలుస్తుంది. పగలు గంటకోసారి, రాత్రి అలారం పెట్టుకుని. రెండో రోజు సాయంత్రం కవిటి నుంచి మా బావమరిది వచ్చాడు. తండ్రి నాటిన చెట్లు నలభై దాకా పోయాయి వాడికి. తిడతాడనుకున్నాను. కాసేపు తొట్టె వైపు చూసి, "ఇలా తే బావా, నువ్వు పడుకో" అని చెంబు తీసుకున్నాడు. ఆ రాత్రి వాడు ఏమీ మాట్లాడలేదు. నీళ్ళు పడే చప్పుడు వింటూ నిద్రపోయాను.

అసలు పెంచడమే పాపం, వదిలెయ్యండి అనేవాళ్ళకు రెండు మాటలు. నియాన్‌కు చుట్టం కార్డినల్ టెట్రా. దాన్ని బ్రెజిల్‌లో రియో నీగ్రో నదిలో, బార్సెలోస్ పట్టణం చుట్టుపక్కల చిన్న వలలతో పట్టి ఎగుమతి చేస్తారు. ఆ చేపల మీద బతికేవాళ్ళకు అడవి నిలబడితేనే కూడు, అందుకే అడవిని నరకడం కంటే చేపను పట్టడమే మేలని అక్కడ పనిచేసిన శాస్త్రవేత్తలు వాదించారు. కాబట్టి పెంపకమంతా పాపం కాదు. ఇక విసుగొచ్చి బాహుదా నదిలోనో ఊరి చెరువులోనో వదిలెయ్యడం పుణ్యమనుకుంటే అదీ పొరపాటే. తొట్టెల్లో నాచు తింటుందని తెచ్చుకుని, పెద్దదయ్యాక వదిలేసిన సక్కర్ చేప ఇవాళ మన రాష్ట్రంలో నదుల్లో, చెరువుల్లో చేరి జాలర్ల వలలు చింపుతోంది. మన పరిగెలకూ జెల్లలకూ ఆ కష్టం మనం తెచ్చిపెట్టిందే. పెంచలేనివాడు పెంచేవాడికి ఇచ్చెయ్యాలి.

అలా ఇచ్చెయ్యడానికే పోయిన ఏడాది మా వీధి చివరి ఇంటి కుర్రాడు వచ్చాడు. అయిదో తరగతి. చేతిలో హార్లిక్స్ సీసా, అందులో టెట్రాలు రెండు, ఒకటి పక్కకు ఒరిగి ఉంది. "ఇది బతుకుతాదేటి మాస్టారూ?" అన్నాడు. చెప్పలేనన్నాను. రెండింటినీ విడిగా ఒక పాత టబ్బులో, నడుస్తున్న స్పాంజితో పెట్టాను. జబ్బులుంటే మిగతావాటికి అంటకుండా మూడు వారాలు అలా ఉంచాలి. ఒరిగినది నాలుగో రోజు మేత ముట్టింది. రోజూ బడి నుంచి వస్తూ వాడు టబ్బు ముందు గొంతుక్కూర్చునేవాడు, మూత తియ్యకుండా, నేను చెప్పినట్టు పక్క నుంచి చూసేవాడు. మూడు వారాలయ్యాక వాడి చేతే తొట్టెలోకి వదిలించాను. రెండూ కాసేపు గాజు మూలన నిలబడ్డాయి. గుంపు అటుగా వచ్చి తిరిగి వెళ్ళింది. రెండోసారి వచ్చినప్పుడు రెండూ కదిలాయి.

మర్నాడు వాడు వచ్చి తొట్టెకు ముక్కు ఆనించి చాలాసేపు వెతికాడు. ఇటు నుంచి చూశాడు, అటు నుంచి చూశాడు.

"మనవేవి మాస్టారూ?"

నేనూ కళ్ళద్దాలు పెట్టుకుని వెతికాను. పదహారు నీలం గీతలు మొక్కల వెనకనుంచి వచ్చి, మలుపు తిరిగి, మళ్ళీ వెళ్ళాయి.